శుభం పడకముందే

రక్తపరీక్షల ల్యాబులో ఆవిడని అందరూ సూదమ్మ అనే పిలుస్తారు. వీధి దీపాలు ఇంకా ఆరకముందే వచ్చి, పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి, జబ్బకి రబ్బరు పట్టీ బిగించి, "పిడికిలి బిగించండి. చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అంటుంది. చీమ కుట్టినట్టు ఉండదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, రక్తం ఇచ్చేవాళ్ళకీ తెలుసు. పరగడుపున ఉన్న మనిషి ఫ్యాను తిరగడం లేదని, తనకంటే వెనకొచ్చినవాణ్ణి ముందు పిలిచారని, గోడ మీద క్యాలెండరు వంకరగా ఉందని కూడా తగువేసుకుంటాడు. చీమ విషయంలో మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కరూ నోరు మెదపలేదు.

కాస్త పొద్దెక్కేసరికి ఆవిడ పని అయిపోతుంది. ఆ తర్వాతదంతా మిషన్ల పని, వాటిని చూసుకునే కుర్రకారు పని. ఇంటికి వెళ్తే తలుపు తీసేవాళ్ళు లేరు, తాళం ఆవిడే తియ్యాలి. ఆయన పోయి రెండేళ్ళయింది. కూతురు ఇదే ఊళ్ళో ఆ చివర ఉంటుంది, ఉద్యోగం, పిల్లలు, అత్తగారు, తీరిక లేని సంసారం. అందుకని సూదమ్మ వారానికోసారి ల్యాబు నుంచి ఇంటికి వెళ్ళకుండా కూరగాయల మార్కెట్టు వెనకున్న సినిమా హాలుకి వెళ్ళడం మొదలుపెట్టింది.

ఆ హాలు కుర్చీలు చూసి కొత్త సినిమాలవాళ్ళు ఏనాడో మొహం చాటేశారు. దాంతో యజమాని పొద్దుటి ఆటకి పాత సినిమాలు వేస్తున్నాడు, వారానికొకటి. వచ్చేవాళ్ళు పట్టుమని పదిమంది ఉండరు. అందరూ ఒంటరిగానే వస్తారు, ఒక్కొక్కరు ఒక్కో వరసలో కూర్చుంటారు. ఖాళీ హాల్లో పోయి ఇంకొకరి పక్కన కూర్చోవడం అక్కడ మర్యాద కాదు. గేటు దగ్గర టిక్కెట్టు చింపే పెద్దాయన్ని టార్చి అంటారు. లోపల చీకట్లో దారి చూపించేదీ ఆయనే, చివర్లో తలుపులు తీసేదీ ఆయనే. ఆయన టార్చిలైటు ఎప్పుడూ మినుకు మినుకుమంటూ ఉంటుంది, చేత్తో రెండు దెబ్బలు వేస్తే వెలుగుతుంది.

సూదమ్మ అక్కడికి వెళ్ళింది కాలక్షేపానికి కాదు. ఆవిడకొక లోటుంది, అది తీర్చుకోవడానికి వెళ్ళింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ మొగుడితో కలిసి లెక్కలేనన్ని సినిమాలు చూసింది గానీ, వాటిలో ఒక్కదాని ముగింపు కూడా చూడలేదు.

దీనికి కారణం స్కూటరు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ మొదటిసారి సినిమాకి వెళ్ళినప్పుడు, ఆట వదిలాక స్టాండులో జనం ఒకరి మీద ఒకరు పడి బళ్ళు లాగారు. హాండిళ్ళు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నాయి. కొత్త స్కూటరు ముందు దీపం అద్దం భళ్ళుమంది. ఆయన బస్సు డిపోలో టైమ్ కీపరు. ఏ బస్సు ఎప్పుడు కదలాలో, ఏది ముందు, ఏది వెనక అన్నీ గీత గీసినట్టు ఉండాలనే మనిషి. అలాంటివాడికి ఆ స్టాండు చూస్తే ఒళ్ళు మండిపోయింది. "ఇక మనం జనం లేవకముందే లేద్దాం" అన్నాడు. అన్నాడంటే అన్నాడే. ఆ రోజు నుంచీ కథ ముదిరి పాకాన పడిందనగా, ఆయన జేబులో తాళం చెవి గలగలమనేది. అంటే లేవమని. ఆవిడ లేచేది. మెట్ల మీద వెనక్కి వెనక్కి నడుస్తూ, తెర వైపు చూస్తూ, ఆయన చొక్కా పట్టుకుని గుమ్మం దాకా వచ్చేది. ఆ కాలంలో ఆవిడ ఏ సినిమా హాల్లోంచీ ముందుకి చూస్తూ బయటికి రాలేదు.

ఖాళీ రోడ్డు మీద స్కూటరు హాయిగా పోతుంటే వెనక కూర్చుని అడిగేది. "తర్వాతేమవుతుందండీ?"

"మా కండక్టర్లు చెప్పారు" అని మొదలుపెట్టేవాడు ఆయన. ఊళ్ళోకొచ్చిన ప్రతి సినిమా మొదటిరోజే కండక్టర్లు చూసేస్తారని, వాళ్ళ నోట్లో ఏదీ ఆగదని ఆయన మాట. ఇంటి సందు మలుపు తిరిగేలోపల కథ మొత్తం తేల్చేసేవాడు. ఆవిడ తృప్తిగా దిగేది. ముగింపు తెలిసిన సినిమా టీవీలో వస్తే మళ్ళీ ఎందుకు చూడ్డం? పైగా తెల్లారుజామునే లేచి సూదులు పట్టుకోవాల్సిన మనిషి. టీవీ పెట్టుకుని కూర్చునేంత తీరికా లేదు.

ఒంటరిగా వెళ్ళిన మొదటి సినిమా పడవవాడిది. ఏరు పొంగి ఊరు మునుగుతుంటే, జబ్బుపడ్డ పెళ్ళాం కోసం పడవవాడు మందు తేవడానికి అవతలి ఒడ్డుకి బయల్దేరతాడు. పెళ్ళయిన మొదటి ఏడాదిలో చూసిన సినిమా. పడవ నడి ఏట్లో ఉండగా తాళం చెవి గలగలమంది. ఆయన తర్వాత చెప్పిందేమిటంటే, పడవవాడు క్షేమంగా ఒడ్డు చేరాడు, పెళ్ళానికి నయమైంది, అతని ధైర్యం చూసి కలెక్టరు రేవు దగ్గర పర్మనెంటు ఉద్యోగం వేయించాడు, పెన్షన్ కూడా ఉంది.

ఇప్పుడు హాల్లో సూదమ్మ సరిగ్గా పడవ నడి ఏట్లోకి రాగానే లేచి నిలబడింది. ఎవరూ లెమ్మనలేదు. ఏ తాళమూ చప్పుడు కాలేదు. కాళ్ళు వాటంతటవే లేచాయి. మెట్ల మీద వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి, గుమ్మం దగ్గర నిలబడ్డ టార్చిని ఢీకొట్టింది.

"ఎక్కడికమ్మా, ఇంకా అవలేదు" అన్నాడు టార్చి.

"నాకు తెలుసు. ఎప్పుడూ అవదు" అంది ఆవిడ. అప్పటికి స్పృహలోకొచ్చి, గుమ్మం తెర పట్టుకుని అక్కడే నిలబడి చూసింది.

పడవ మునిగింది. తెల్లారాక ఒట్టి పడవ బోర్లాపడి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. పెళ్ళాం దాని మీద చెయ్యేసి నిలబడింది. ఆ పడవ మీదే పెద్ద పెద్ద అక్షరాలతో శుభం అని పడింది.

సూదమ్మ కాసేపు శుభం వంక చూసింది. తర్వాత టార్చి వైపు తిరిగింది. "మీ దగ్గరున్నది తప్పు కాపీ" అంది.

"ఏం కాపీ అమ్మా?"

"అతను ఒడ్డు చేరాలి. ఉద్యోగం వస్తుంది. మీ ఓనరుకి ఎవరో చివరి ముక్క మార్చి అంటగట్టారు. చూసుకోమనండి."

టార్చి లైటుని చేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. ఆలోచించేటప్పుడు కూడా ఆయనకదే అలవాటు. "నేనీ హాల్లో చేరినప్పట్నుంచీ ఆ పడవ మునుగుతూనే ఉందమ్మా" అన్నాడు. "ఒక్కసారి కూడా ఒడ్డు చేరలేదు."

ఆవిడ నమ్మలేదు. ముసలాయన, మతిమరుపేమో అనుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

తర్వాతి వారం అన్నదమ్ముల సినిమా వేశారు. ఆస్తి గొడవలో ఇంటి మధ్య గోడ కట్టుకుంటారు ఇద్దరూ. ఈ సినిమా సూదమ్మకి బాగా గుర్తు. ఎందుకంటే దీని వల్లే ఆవిడకీ వదినకీ, అంటే ఆయన అక్కకీ, మాటలు పోయాయి. తమ్ముడు గునపం తీసుకుని తనే గోడ పడగొట్టాడని, ఆ ఇటుకలతో అన్న ఇంట్లో స్నానాలగది కట్టించాడని సూదమ్మ చెబితే, వదిన పకపకా నవ్వింది. అన్న తన వాటా అమ్మేసి పెళ్ళాంపిల్లలతో ఊరొదిలి పోయాడంది. "నేను కళ్ళారా చూశానే!" అంది. "చూస్తే మాత్రం?" అంది సూదమ్మ ఒంటికాలి మీద లేచి. చూడ్డం కంటే మొగుడు చెప్పడమే గట్టి సాక్ష్యం అప్పట్లో ఆవిడకి. ఆ మాట మీద ఇద్దరూ ఏళ్ళ తరబడి ఎదురుపడ్డా మొహాలు తిప్పుకున్నారు. ఆయన మాత్రం ఆ గొడవలో ఒక్క ముక్క మాట్లాడలేదు. అక్క ఇంటికెళ్ళి టీ తాగొచ్చేవాడు, ఇక్కడికొచ్చి మళ్ళీ టీ తాగేవాడు.

ఈసారి లేవకుండా ఉండాలని సూదమ్మ చేతిసంచీ పట్టీని కుర్చీ చేతికి చుట్టి పట్టుకుంది. ముగింపు చూసింది. అన్న వాటా అమ్మేశాడు. సామాను బండెక్కించాడు. గోడ మీద శుభం పడింది.

బయటికొచ్చి మార్కెట్టు గోడ నీడన నిలబడి వదినకి ఫోన్ చేసింది.

"వదినా, నేను. గోడ పడగొట్టలేదు" అంది.

"ఏ గోడ? మీ ఇంటిదా?"

"సినిమాలో గోడ. నువ్వే రైటు. అన్న వాటా అమ్మేసి పోయాడు."

"ఓసినీ! ఇన్నేళ్ళకా చెప్పడం? నాకా సినిమానే గుర్తులేదు." వదిన మళ్ళీ, "మా తమ్ముడు చిన్నప్పుడూ అంతే. బళ్ళో దెబ్బలు తిని ఇంటికొచ్చి, మేష్టారు మెచ్చుకుని నిమ్మ బిళ్ళ ఇచ్చారనేవాడు. మా అమ్మ నమ్మేది" అంది.

ఫోన్ పెట్టేశాక సూదమ్మకి కాపీ మీద ఉన్న అనుమానం తీరిపోయింది. మొగుడి మీద మొదలైంది. వరసగా చూడసాగింది. గుడ్డి చెల్లెలికి చూపు వస్తుందన్నాడు, రాలేదు. జైలుకెళ్ళినవాడు నిర్దోషి అని తేలి పాత జీతం బాకీతో సహా ఉద్యోగంలో చేరాడన్నాడు, ఉరి తీశారు. కీళ్ళ నొప్పుల ముసలి సంగీతం మేష్టారికి సొంత ఊరికి బదిలీ అయిందన్నాడు. ఆ మేష్టారు పాట మధ్యలో హార్మోనియం మీద తల వాల్చేశాడు, మళ్ళీ ఎత్తలేదు. ప్రతిదాని మీదా మొహమాటం లేకుండా శుభం వేశారు.

ఆదివారం కూతురు వస్తే నిలదీసింది. చిన్నప్పుడు స్కూటరు మీద ముందు నిలబడి ఆ ముగింపులన్నీ అదీ విన్నదే.

"అమ్మా, నిజంగా నీకు తెలీదా?" అంది కూతురు నోరు వెళ్ళబెట్టి. "నాన్న చెప్పేవన్నీ కల్పనలని నాకు మూడో క్లాసులోనే అర్థమైంది. ప్రతి సినిమాలోనూ హీరోకి పెన్షన్ ఎలా వస్తుందే? ఒకసారి రాజుగారి సినిమాలో సేనాపతికి కూడా ప్రమోషనూ పెన్షనూ ఇప్పించాడు."

"సేనాపతికి వస్తుందేమో అనుకున్నాను. సర్కారు ఉద్యోగమే కదా."

కూతురు నవ్వాపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంది. సూదమ్మ నవ్వలేదు.

"మరి తెలిసినదానివి నాకు చెప్పొద్దూ?"

"నువ్వు నమ్ముతున్నావు కదాని ఊరుకున్నా. అయినా ఇప్పుడేమైందమ్మా? సినిమాలే కదా."

సినిమాలే కదా అంటే సినిమాలే. కానీ కూతురు వెళ్ళిపోయాక ఆవిడ ఆయన చెప్పిన మిగతా మాటలు కూడా తిరగేసింది. ప్రమోషను వద్దని తనే రాసిచ్చానన్నాడు. నువ్వు పాడితే బావుంటుందన్నాడు. నీకంటే ముందు చూసిన సంబంధం వాళ్ళది పెద్ద ముక్కు అన్నాడు. ఇవన్నీ కండక్టర్లు చెప్పినవేనా? ఏళ్ళ తరబడి ఇంత అమాయకంగా నోరు తెరుచుకు విన్నందుకు తల కొట్టేసినట్టయింది. గోడ మీద ఆయన ఫోటో ఎదురుగా కుర్చీ వేసుకుని టీ తాగడం రోజూ అలవాటు. ఆ రోజు కుర్చీని వెనక్కి తిప్పి, ఫోటోకి వీపు పెట్టి తాగింది. మర్నాడూ అంతే.

నిజానికి ఆయన చివరి రక్తపరీక్ష చేసింది సూదమ్మే. రిపోర్టు ముందుగా చూసిందీ ఆవిడే. ఇంటికొచ్చి, "ఏం లేదండీ, కాస్త రక్తం తక్కువట, అంతే" అని చెప్పింది. ఆయన "అలాగా" అన్నాడు. ఈ విషయం మాత్రం ఆవిడ ఇప్పుడు తిరగేసిన వాటిలోకి రాలేదు. కోపంలో ఉన్నవాళ్ళు తమ వైపు సంచీ దులపరు.

అన్నిటికంటే లోతుగా గుచ్చుకున్నది వేరే ఉంది. అది స్టేషను సినిమా.

కూతురు పుట్టకముందు సూదమ్మకి ఒక కాన్పు పోయింది. నెలలు నిండే దాకా వచ్చి పోయింది, ఆడపిల్ల. ఆ తర్వాత ఆవిడ మంచం దిగలేదు, ల్యాబుకి వెళ్ళలేదు, తిన్నానంటే తిన్నాననిపించేది. మనసు మళ్ళుతుందని ఆయన బలవంతాన సినిమాకి తీసుకెళ్ళాడు. ఏ సినిమా అన్నది చూసుకోకుండా తీసుకెళ్ళాడు. అందులో ఒక తల్లికి రైల్వేస్టేషను రద్దీలో కూతురు తప్పిపోతుంది. ఏళ్ళ తరబడి ఆ తల్లి అదే ప్లాట్‌ఫారం మీదికి వచ్చి, అదే బెంచీ మీద కూర్చుంటుంది. చివరికి ఒకరోజు జనంలోంచి ఒక పిల్ల ఒంటరిగా నడిచొస్తూ కనిపిస్తుంది. తల్లి లేచి నిలబడుతుంది. అక్కడ తాళం చెవి గలగలమంది.

స్కూటరు మీద సూదమ్మ అడిగింది. "దొరుకుతుందా అండీ?"

ఆయన మాట్లాడలేదు. సందు మలుపు వచ్చింది, ఇల్లు వచ్చింది. ఆవిడ మళ్ళీ అడిగింది.

"రేపు చెప్తా" అన్నాడు. ఎప్పుడూ అలా అనలేదు.

మర్నాడు డ్యూటీ నుంచి రావాల్సిన వేళకి రాలేదు. ఆవిడ మంచం మీద పడి గోడ గడియారం వంక చూస్తూనే ఉంది. బాగా పొద్దుపోయాక వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది, తలుపులోంచి కనిపిస్తున్న స్కూటరుకి ఎడమ వైపు అద్దం లేదు.

"ఏమైంది?" అంది ఆవిడ.

"పంక్చరు."

"పంక్చరైతే అద్దం ఎలా పగులుతుందండీ?"

"అలాగే పగులుతుంది" అని, కాళ్ళు కడుక్కొచ్చి మంచం పక్కన కూర్చుని ముగింపు చెప్పాడు. ఆ పిల్ల వాళ్ళమ్మాయి కాదట. వేరే ఎవరి పిల్లో, అదీ తప్పిపోయిందట. తల్లి ఆ పిల్లని బెంచీ మీద కూర్చోబెట్టి, ఊడిపోయిన జడ మళ్ళీ అల్లి, తన కూతురి కోసం ఏళ్ళ తరబడి సంచీలో దాచిన ఎర్ర రిబ్బను దానికి కట్టిందట. పిల్ల తాలూకు వాళ్ళు పరుగున వచ్చి తీసుకెళ్ళిపోయారట. తల్లి ఖాళీ సంచీ దులిపి, కుళాయి దగ్గర నీళ్ళు తాగి, గేటు వైపు నడిచిందట. నడుస్తూ నడుస్తూ ఆగి, వెనక్కొచ్చి, కారుతున్న కుళాయి గట్టిగా కట్టేసి వెళ్ళిపోయిందట.

"అంతేనా?" అంది సూదమ్మ.

"అంతే."

"పిల్ల పోయి ఏడుస్తున్న మనిషి కుళాయి గురించి ఆలోచిస్తుందా ఎక్కడైనా?"

"ఆలోచించింది మరి" అన్నాడు ఆయన.

ఆ రాత్రి ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన కదలకుండా పక్కన కూర్చున్నాడు. తెల్లారాక లేచి తల దువ్వుకుని ల్యాబుకి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు.

ఇన్నేళ్ళూ ఆ ముగింపు కండక్టర్లు చెప్పిందే అనుకుంది కాబట్టి బాధ లేదు. సినిమా అలా ఉంది, ఆయనేం చేస్తాడు? ఇప్పుడు అన్నీ ఆయన కల్పించినవేనని తేలాక లెక్క మారిపోయింది. మునిగిన పడవవాణ్ణి ఒడ్డు చేర్చి పెన్షన్ ఇప్పించాడే, ఉరి తీసినవాణ్ణి బతికించాడే, కడుపు పోగొట్టుకుని మంచాన పడ్డ తన పెళ్ళానికి ఒక్క పిల్లని దొరికించలేకపోయాడా? సినిమాల్లో వాళ్ళందరికీ పంచిన అబద్ధం తనకి ఒక్కటి ఇవ్వడానికి చేతులు రాలేదా? పైగా ఆ రోజు, తను అలా పడి ఉన్న రోజు, ఎక్కడికో పోయి పొద్దుపోయి వచ్చి పంక్చరని బొంకాడు. ఇది తలుచుకుంటే ఆవిడకి నిజంగా దుఃఖం వచ్చింది. చనిపోయిన మనిషి మీద కోపం వస్తే పెట్టుకోవడానికి చోటుండదు. వంటింట్లో గిన్నెల మీద చూపించింది, అవి సొట్టలు పడ్డాయి.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున హాలు బయట బోర్డు మీద కొత్త పోస్టరు అతికిస్తున్నాడు టార్చి. ప్లాట్‌ఫారం, బెంచీ, సంచీ పట్టుకున్న ఆడమనిషి.

"ఇది వచ్చే వారమా?" అంది సూదమ్మ.

"అవునమ్మా. మంచి సినిమా."

"చివర్లో ఆ పిల్ల..." అని ఆగిపోయింది.

"చెప్పమంటారా?"

"వద్దు" అంది గబుక్కున. "నాకు చెప్పిన ముగింపులు చాలు."

వెళ్ళకూడదనుకుంది. పిల్ల దొరికితే, ఆయన్ని ఇక ఈ జన్మకి క్షమించలేనని ఆవిడకి తెలుసు. ఫోటో తీసి అలమర అడుగున పెట్టేస్తుంది, అంతే. రెండేళ్ళుగా ఆ ఫోటో ఎదురుగా టీ తాగడం మీదే ఆవిడ రోజు నిలబడి ఉంది. అదీ పోతే ఏం మిగులుతుందో ఆవిడకే అర్థం కాలేదు. వారమంతా సూదులు గుచ్చుతూ ఇదే ఆలోచన. ఒక లావాటి వ్యాపారస్తుడికి చీమ మాట చెప్పడం మర్చిపోయి గుచ్చేసింది. ఆయన కెవ్వుమని అరిచి, "చెప్పొద్దూ!" అన్నాడు.

"ఏమని?"

"చీమ కుట్టినట్టుంటుందని!"

"మీకు తెలుసుగా ఉండదని."

"తెలిస్తే మాత్రం? చెప్పాలి కదా" అన్నాడు ఆ వ్యాపారస్తుడు, న్యాయం తన వైపు ఉన్నట్టు.

ఆ రోజు పని కాగానే సూదమ్మ స్కూటరెక్కి తిన్నగా హాలుకి పోయింది. ఆయన చూపు మందగించిన దగ్గర్నుంచీ ఆ పాత స్కూటరు ఆవిడ చేతికే వచ్చింది. చివరి సంవత్సరాల్లో ఆయన వెనక కూర్చుని, ఎదురుగా ఏం వస్తోందో కనబడకపోయినా ఎటు తిప్పాలో చెబుతూ ఉండేవాడు. ఆ బండికి ఇప్పటికీ ఎడమ వైపు అద్దం లేదు. ఎన్నిసార్లు పోరినా ఆయన వేయించలేదు. "ఒకటి ఉందిగా, చాల్లే" అనేవాడు.

హాల్లో ఆ రోజు ఎప్పటికంటే తక్కువమంది ఉన్నారు. సూదమ్మ మధ్య వరసలో కూర్చుంది. సినిమా ఆవిడకి గుర్తున్నట్టే నడిచింది. పిల్ల తప్పిపోయింది. తల్లి ముసలిదైంది. బెంచీ మీద కూర్చుంది. జనంలోంచి ఒక పిల్ల ఒంటరిగా నడిచొచ్చింది. తల్లి లేచి నిలబడింది.

సూదమ్మ కాళ్ళు లేవబోయాయి. మోకాళ్ళ మీద రెండు చేతులూ అదిమి కూర్చుంది. దొరకొద్దు, దొరకొద్దు అని మనసులో అనుకుంది. ఒక తల్లికి పిల్ల దొరకొద్దని కోరుకుంటున్నానని అప్పుడు తట్టింది. సిగ్గేసింది. అయినా అదే అనుకుంది.

పిల్ల దగ్గరికొచ్చింది. ఆ పిల్ల కాదు.

తల్లి ఆ పిల్లని బెంచీ మీద కూర్చోబెట్టింది. ఊడిన జడ అల్లింది. సంచీలోంచి రిబ్బను తీసింది. తెర మీద రిబ్బను నల్లగా ఉంది, నలుపు తెలుపు సినిమా కదా, ఎర్రదన్నది ఆయన వేసిన రంగే. పిల్ల తాలూకు వాళ్ళు పరుగున వచ్చారు, తీసుకెళ్ళిపోయారు. తల్లి సంచీ దులిపింది. కుళాయి దగ్గరికెళ్ళి దోసిట్లో నీళ్ళు తాగింది. గేటు వైపు నడిచింది.

సూదమ్మ కుర్చీ అంచుకి జరిగింది.

తల్లి నడుస్తూ నడుస్తూ ఆగింది. వెనక్కొచ్చింది. కారుతున్న కుళాయిని గట్టిగా, ఇంకొక్కసారి గట్టిగా తిప్పి కట్టేసింది. చెయ్యి చీరకి తుడుచుకుని వెళ్ళిపోయింది. కుళాయి మీద శుభం పడింది.

ఆ కుళాయి ఎవరూ ఊహించి చెప్పేది కాదు. పడవవాడికి పెన్షన్ ఇప్పించే మనిషి బుర్రలోంచి అలాంటి కుళాయి రాదు. అది చూసినవాడే చెప్పాలి.

దీపాలు వెలిగాయి. టార్చి పక్క తలుపులు బార్లా తీశాడు. ఉన్న నలుగురూ లేచి వెళ్ళారు, సూదమ్మ ఆఖరున లేచింది. మెట్ల మీద ముందుకి చూస్తూనే నడిచింది.

"ఇవాళైనా సరైన కాపీయేనా అమ్మా?" అన్నాడు టార్చి.

"సరైనదే" అంది. గుమ్మం దగ్గర ఆగి అడిగింది. "ఈ సినిమా కొత్తలో ఇక్కడే ఆడింది కదూ? జనం బాగా వచ్చేవారా?"

"వచ్చేవారా ఏంటమ్మా, ఇసకేస్తే రాలేది కాదు. ఆట వదిలితే స్టాండులో కొట్లాటలే. ఎన్ని బళ్ళు విరిగాయో."

సూదమ్మ స్టాండుకి వెళ్ళింది. ఎండలో ఖాళీ స్టాండులో ఆవిడ స్కూటరు ఒక్కటే ఉంది. చుట్టూ ఎవరూ లేరు, ఎటు నుంచి కావాలంటే అటు నుంచి తియ్యొచ్చు. ఎడమ హాండిలు మీద అద్దం ఉండాల్సిన చోట తుప్పు పట్టిన కన్నం ఉంది. దాని మీద వేలు పెట్టి కాసేపు అలాగే నిలబడింది. జనం లేవకముందే లేచే మనిషి, తను ఇంట్లో పడి ఉంటే, ఒక్కడే వచ్చి, శుభం పడేదాకా కూర్చుని, ఆ గుంపులో బండి లాక్కున్నాడు.

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తాళం చెవి తీసింది.

"పంక్చరట, పంక్చరు" అని పైకే అంది.